బొగొటాలో ఒకటిన్నర రోజు ఆగే దంపతులకు

లిమాకు వెళ్తూ కొలంబియా రాజధాని బొగొటాలో శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం రాత్రి వరకు ఆగుతున్నామని, భార్యాభర్తలిద్దరం ఆ కొద్ది సమయంలో ఏమేమి చూడవచ్చునో చెప్పమని అడిగారు. నేనూ మావారూ అలాగే ఒక శనివారం అక్కడ దిగాము కనుక మా అనుభవం మీకు పనికివస్తుందని వ్రాస్తున్నాను.

ముందుగా ఎత్తు సంగతి. బొగొటా సముద్రమట్టానికి దాదాపు 2,640 మీటర్ల ఎత్తున, అంటే ఊటీకన్నా సుమారు 400 మీటర్లు పైన ఉంది. మేము ఇది పట్టించుకోకుండా, హోటల్లో సామాను పెట్టిన గంటకే 3,152 మీటర్ల మోన్సెరాటే కొండ మీదికి కేబుల్ కారులో వెళ్లాము. పైన చర్చి దగ్గర నాలుగు మెట్లు ఎక్కేసరికి మావారికి ఆయాసం వచ్చింది, నాకు ఆ రాత్రంతా తలనొప్పితో నిద్ర లేదు. మీరు శనివారం పాత నగరమైన లా కాండెలారియా వీధుల్లో నెమ్మదిగా తిరిగి, బొటెరో మ్యూజియం చూడండి. ప్రవేశం ఉచితం. చిత్రకారుడు ఫెర్నాండో బొటెరో తన 123 కృతులతో పాటు పికాసో, మోనే వంటివారి చిత్రాలను కూడా సేకరించి ప్రజలకు ఇచ్చేశాడు. ఆయన గీసిన బూరెబుగ్గల మోనాలిసా అక్కడే ఉంది.

సాయంత్రం చలి వేస్తుంది, స్వెట్టరు, గొడుగు దగ్గర ఉంచుకోండి. అక్కడివారు వేడివేడిగా తాగే ‘అగువా దే పనేలా’ అచ్చంగా మన బెల్లం నీళ్లే. శాకాహారులైతే అహియాకో అనే బంగాళాదుంపల సూప్‌లో కోడిమాంసం ఉంటుందని గుర్తుంచుకోండి.

ఆదివారం ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు వరకు ప్రధాన రహదారులు కొన్నింటిని వాహనాలకు మూసి, సైకిళ్లకూ నడిచేవారికీ వదిలేస్తారు. 1974 నుంచి సాగుతున్న ఈ ‘సిక్లోవియా’లో కుటుంబాలన్నీ రోడ్డు మీదే ఉంటాయి. ఆ జనంతో కలిసి నడుస్తూనే, పాతకాలపు బంగారు వస్తువులు ఉంచిన ‘బంగారు మ్యూజియం’కు చేరుకోండి. ఆదివారం టికెట్ ఉండదు, అందుకే రద్దీ ఎక్కువ. తెరిచే వేళకే వెళ్లడం మంచిది. కొండకూ దీనికీ రెండింటికీ సమయం కుదరకపోతే, నిస్సంకోచంగా కొండనే వదిలేయండి.

మీరు దిగే విమానాశ్రయం పేరు ఎల్ డొరాడో, అంటే బంగారు పూత పూసుకున్నవాడు. కొత్తగా నాయకుడైన ముయిస్కా తెగ పెద్ద ఒంటినిండా బంగారు పొడి పూసుకుని, తెప్పపై గ్వాటవీటా సరస్సు మధ్యకు వెళ్లి కానుకలు సమర్పించేవాడని చెప్పుకొంటారు. 1969లో పాస్కా ఊరి దగ్గర ఒక గుహలో దొరికి, ఇప్పుడు ఈ మ్యూజియంలో ఉన్న జానెడు బంగారు తెప్ప ఆ దృశ్యాన్నే చూపుతుందని భావిస్తారు. మైనంతో బొమ్మ చేసి, దానికి మట్టి మెత్తి కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసి దాన్ని చేశారు. మన ఆదిలాబాదు ఓజాలు ఇత్తడి బొమ్మలు పోసే పద్ధతి కూడా ఇదే కావడంతో, తెప్ప మీది సన్నని తీగల్లాంటి ఆ మనుషుల బొమ్మల ముందు నుంచి మావారు కదలలేకపోయారు. రెండు గంటలు చాలుననుకుని వెళ్లిన మాకు నాలుగు గంటలు పట్టింది. మీరు భోజనం ఆ తరువాతకే పెట్టుకోండి.