మెలికల ముగ్గుకు కోలానా, డూడులా?

ప్రశ్న: మా అమ్మ వేసే మెలికల ముగ్గులను పాత కమోడోర్ 64 కంప్యూటర్ బొమ్మల్లా గీయాలని ఉంది. ల్యాప్‌టాప్‌లో వైస్ ఎమ్యులేటర్ (ఆ పాత కంప్యూటర్‌లా పనిచేసే ప్రోగ్రామ్) పెట్టుకున్నాను. కోలా పెయింటర్, డూడుల్, అడ్వాన్స్‌డ్ ఆర్ట్ స్టూడియో... బొమ్మలు గీసే ఈ మూడు ప్రోగ్రాముల్లో ఏది నేర్చుకోమంటారు?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: మెలికల ముగ్గు అన్నావు కాబట్టి డూడుల్‌తోనే మొదలుపెట్టమ్మా.

నేను మొదట పట్టుకున్నది కోలా. 1987 సంక్రాంతికి మేం అమెరికాలో ఉన్నాం. వాకిలి లేదు, బయటంతా మంచు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కమోడోర్ ముందు కూర్చుని, కోలా ప్యాడ్ అనే స్పర్శ పలక మీద వేలితోనే ముగ్గు గీశాను. పలక మీద రాసినట్టు ఎంత హాయిగా ఉందో! కానీ తెర మీద మెలికలన్నీ మెట్లు మెట్లుగా వచ్చాయి. తప్పు నా వేలిది కాదు. కోలా వాడేది మల్టీకలర్ పద్ధతి. అందులో తెర మీద అడ్డంగా 160 చుక్కలే (పిక్సెళ్లు), ఒక్కో చుక్క ఎత్తుకు రెట్టింపు వెడల్పు. సన్నని వంపు అందులో ఇమడదు.

డూడుల్‌లో అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. దానికీ ఒక షరతుంది. తెర 8×8 చుక్కల గడులుగా ఉంటుంది, ఒక్కో గడిలో రెండే రంగులు. మూడో రంగు వేయబోతే ఆ గడిలో అంతకుముందు వేసిన రంగు మారిపోతుంది. పేడ అలికిన నేల మీద తెల్లని పిండి గీతకు కావలసినవి రెండు రంగులే కదా! నేలకు గోధుమ రంగు తీసుకో, బాగా కుదురుతుంది.

11 చుక్కలు, సందు చుక్క 6 వరకు ఉన్న ముగ్గు తీసుకో. ముగ్గు చుక్కకూ చుక్కకూ మధ్య 16 పిక్సెళ్లు ఇవ్వు. సందు చుక్క సరిగ్గా 8 పిక్సెళ్లు జరుగుతుంది, అంటే ఒక గడి. ముగ్గంతా దాదాపు 160×160 పిక్సెళ్లలో సర్దుకుంటుంది.

రంగులు నింపే పద్మాలు, కనుమ నాటి రథం వేయాలంటే మాత్రం కోలాకే రా. 4×8 గడిలో నాలుగు రంగులు పడతాయి. ఆ నాలుగులో ఒకటి తెర మొత్తానికీ ఉమ్మడి. మిర్రర్ ఎంచుకుంటే ఇటు గీసిన రేకు అద్దంలోలా అటూ పడుతుంది. ఉన్న 16 రంగుల్లో బూడిద రంగులే మూడు, పసుపు మాత్రం ఒక్కటే. అయినా ముగ్గు కళకళలాడుతుంది.

1987లో వచ్చిన ఆర్ట్ స్టూడియోదీ మల్టీకలరే. గీసిన ముక్కను కత్తిరించి, తిప్పి, అతికించడంలో అది గట్టిది. అది తర్వాత చూద్దువుగాని.

ఒక్క మాట. చుక్కలు మాత్రమే పెట్టిన బొమ్మను ముందే విడిగా సేవ్ చేసుకో. మెలిక తప్పితే మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. కమోడోర్ ఫ్లాపీ డిస్కు ఒక వైపున 17 డూడుల్ బొమ్మలు పడతాయి, చోటుకు ఇబ్బంది ఉండదు.