నీలి చుక్క పక్క హాల్లోకి ఎందుకు గెంతుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి వాళ్లతో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ చూశాం. మ్యూజియం యాప్ లోపల దారి చూపించింది. అయితే జనం మూగిన చోట మేం కదలకపోయినా, మ్యాప్‌లో మా చోటు చూపే నీలి చుక్క పక్క హాల్లోకి గెంతేది. బిల్డింగ్ లోపల జీపీఎస్ రాదంటారు కదా, మరి ఇదెలా? మనం ఎక్కడున్నామో ఎవరైనా చూస్తుంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు విన్నది నిజమేనమ్మా. జీపీఎస్ ఉపగ్రహాలు తిరిగేది దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున. కిందికొచ్చేసరికే సిగ్నల్ నీరసించిపోతుంది, ఇక స్లాబులూ రాతిగోడలూ ఏం దాటుతుంది? అంతస్తు తేల్చడం మరీ కష్టం. అక్కడేమో నీలి తిమింగలం నమూనా మొదటి అంతస్తులో, టి-రెక్స్ డైనోసార్ నాలుగో అంతస్తులో!

అందుకే ఆ మ్యూజియం 2010లో వైఫైని నమ్ముకుంది. 2016లో యాప్‌ను కొత్తగా చేసినప్పుడు బ్లూటూత్ బీకన్లు పెట్టింది. బీకన్ అంటే బ్యాటరీతో నడిచే చిన్న డబ్బా. ప్లాట్‌ఫామ్ మీద సమోసాలబ్బాయిలా తన నంబరొక్కటే అరుస్తూ ఉంటుంది. ఏ అరుపు ఎంత గట్టిగా వినిపిస్తోందో చూసి, ఏ బీకన్ దగ్గరగా ఉందో యాప్ అంచనా కడుతుంది. అంచనా అనే మాట గుర్తుంచుకోండి.

తంటా అంతా మనుషులతోనే. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చేసుకుంటుంది, మన ఒంట్లో ఉన్నదేమో ఎక్కువగా నీరే. మీకూ బీకన్‌కూ మధ్య ఓ స్కూలు పిల్లల గుంపు నిలబడితే చాలు, దగ్గరి బీకన్ గొంతు పడిపోతుంది. గుమ్మంలోంచి సూటిగా తగిలే పక్క హాలు బీకనే దగ్గరిదని యాప్ నమ్మేస్తుంది. ఫోన్ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటే ఇంకా తికమక. చేతిలో పట్టుకుని, గుంపు కాస్త పలచబడేదాకా ఆగితే చుక్క సర్దుకుంటుంది.

అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే ఇంకో పద్ధతి ఉంది, అది అరుపు గట్టిదనాన్ని కాక సిగ్నల్ ప్రయాణించిన సమయాన్ని కొలుస్తుంది. నానోసెకనుకు, అంటే సెకనులో వందకోట్లో వంతుకు, సిగ్నల్ 30 సెంటీమీటర్లు వెళ్తుందన్న లెక్క కాబట్టి జానెడు, మూరెడు తేడాతో చోటు చెప్పేస్తుంది. కానీ ఖర్చెక్కువ, అన్ని ఫోన్లలోనూ ఉండదు. నన్నడిగితే మ్యూజియానికి అంత అక్కర్లేదు. ఏ హాల్లో ఉన్నామో, లిఫ్టూ టాయిలెట్టూ ఎటో తెలిస్తే పెద్దవాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇక గమనించడం సంగతి. ఇలాంటి బీకన్ అరవడమే తప్ప మీ ఫోన్ మాట వినదు. చోటు తెలిసేది యాప్‌కి. అది ఆ వివరాన్ని సర్వర్‌కు పంపుతుందా లేదా అన్నది యాప్‌ని బట్టి ఉంటుంది. అనుమానముంటే బయటికి రాగానే లొకేషన్, బ్లూటూత్ అనుమతులు తీసేయండి.