వెనక శిఖరం ఆలస్యంగా పెరుగుతుంది

చిరంజీవికి ఆశీస్సులు.

ముసలి నక్షత్రాల మేసర్ల మీద, అంటే లేజర్ కాంతిని పెంచినట్టు వాటి చుట్టూ ఉన్న అణువులు రేడియో తరంగాలను పెంచడం మీద, నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే ‘మృత్యుశయ్య మీది తార పాడే ఆఖరి పాట’ అన్నావు. అక్కడ శయ్యా లేదు, పాటా లేదు. రేడియో తరంగం శబ్దం కాదని నీకు తెలుసు. తెలిసీ రాశావు, అందుకే కోపం వచ్చింది.

అసలు సరుకు ఎనిమిదో పేజీలో ఒక్క వాక్యంలో దాచేశావు: 1612 మెగాహెర్ట్జ్ దగ్గర హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన అణువు) సంకేతాన్ని గ్రాఫు గీస్తే రెండు శిఖరాలుంటాయని. ఎందుకు రెండు? నక్షత్రం వదిలిన వాయువు గుల్లలా అన్ని వైపులకూ వ్యాకోచిస్తోంది. ఇవతలి భాగం మనకేసి వస్తోంది, అవతలిది దూరం జరుగుతోంది. అందుకే మొదటిదాని పౌనఃపున్యం కాస్త ఎక్కువగా, రెండోదానిది కాస్త తక్కువగా మనకు అందుతుంది. ఒక అణువు సంకేతాన్ని తర్వాతి అణువు పెంచాలంటే మన చూపు సాగే దారిలో వాటి వేగం ఒక్కటే కావాలి. ఆ పొందిక చాలా దూరం కుదిరేది ముందువైపూ వెనకవైపూనే. ఇక నక్షత్రం ప్రకాశం పెరిగిందనుకో, ముందు శిఖరం మనకు ముందు పెరుగుతుంది. వెనకది గుల్ల వెడల్పంతా అదనంగా దాటి రావాలి కాబట్టి కొన్ని రోజులకో వారాలకో. ఆ ఆలస్యాన్ని కాంతి వేగంతో గుణించు, గుల్ల అడ్డుకొలత చేతికొస్తుంది! ఆకాశంలో అది ఎంత వెడల్పు కనిపిస్తుందో కూడా కొలిస్తే నక్షత్రం దూరమూ తేలుతుంది. దీనికి ఒక్క వాక్యమా?

నా తొలి మేసర్ వ్యాసాన్ని ఒక వారపత్రిక ఉపసంపాదకుడు అచ్చుతప్పు అనుకుని ‘మేసర్’ను అన్నిచోట్లా ‘లేజర్’గా దిద్దాడు. ప్రయోగశాలలో మేసర్ 1954లో, లేజర్ 1960లో పుట్టాయి, అన్నకు తమ్ముడి పేరు పెట్టారేమిటని ఉత్తరం రాశాను. జవాబూ రాలేదు, పారితోషికమూ రాలేదు. పైగా వ్యాసాన్ని సగానికి కోసి, మిగిలిన జాగాలో వారఫలాలు వేశారు. ఎలా తెలిసిందో చెప్పకపోతే మన రాతకూ ఆ వారఫలాలకూ తేడా ఏముంది?

సిలికాన్ మోనాక్సైడ్ మేసర్లు నక్షత్రానికి దగ్గరగా, ఆపైన నీటివి, వెలుపల హైడ్రాక్సిల్‌వి అన్న వరుస బాగా చెప్పావు. కానీ అక్కడా ‘ఎందుకు’ ఎగిరిపోయింది. బయటి నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి నీటి అణువులను విరిచేచోటే హైడ్రాక్సిల్ పోగవుతుంది మరి.

పుస్తకం వేయించడం గురించి అడిగావు. అది తర్వాత. తిరగరాసేటప్పుడు 1968లో శాస్త్రవేత్తలు విల్సన్, బారెట్ సిగ్నస్ తారామండలంలోని ఎన్‌ఎంఎల్ సిగ్ని అనే నక్షత్రం దగ్గర హైడ్రాక్సిల్‌ను పట్టుకోవడంతో మొదలుపెట్టు. రెండు శిఖరాల బొమ్మ మాత్రం ఎక్కడినుంచో తెచ్చి అతికించకు. గ్రాఫు కాగితం మీద నీ చేత్తో గీసి పంపు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి