పాత కెమెరా వైరు పీకకుండానే కొత్త కెమెరాలు పెట్టుకోవచ్చా? మా గోదాము సంగతి

నమస్తే అన్నా. జడ్చర్లలో కింద మడిగె, పైన ఇల్లు అన్నారు. పదేళ్ల కిందటి అనలాగ్ సీసీ కెమెరాలు ఎనిమిది. మొన్న గల్లాపెట్టెలో ఎవరో చెయ్యి పెడితే రికార్డింగ్‌లో చొక్కా తప్ప మొహం తెలియలేదు. వచ్చిన టెక్నీషియన్ గోడలు కొట్టి వైరంతా మార్చాలి, ఐపీ కెమెరాలే (నెట్‌వర్క్ వైరు మీద నడిచేవి) పెట్టాలి అన్నాడు. పాత వైరుతో సరిపోతుందా అని మీ ప్రశ్న.

సరిపోతుంది. మిర్యాలగూడలో మా వడ్ల గోదాములో ఇదే పని చేయించాను. వైరు ఉంచేసి కెమెరాలు, డీవీఆర్ (రికార్డింగ్ చేసే డబ్బా) మార్చాం. మీ ఇంట్లో కూడా గోడలోపల ఉన్నది 3+1 కేబులే అయి ఉంటుంది, అంటే బొమ్మ మోసే కోయాక్సియల్ వైరు (కేబుల్ టీవీ వైరు లాంటిది) ఒకటి, దాంతో పాటు కరెంటుకు మూడు సన్నని వైర్లు. పాత కెమెరా పంపేది మహా అయితే 720×576 చుక్కల బొమ్మ. అదే కోయాక్సియల్ మీద ఇప్పటి హెచ్‌డీ అనలాగ్ కెమెరాలు 1920×1080 పంపుతాయి. దాదాపు ఐదింతలు. ఇంటి దూరాలకు ఆ వైరుకు ఇదేం బరువు కాదు.

ముందు డీవీఆర్ ఒక్కటే మార్చండి. ఐదు రకాల సిగ్నల్ తీసుకునే ఎక్స్‌వీఆర్ అని అడిగితే ఇస్తారు. టీవీఐ, సీవీఐ, ఏహెచ్‌డీ (ఈ మూడూ హెచ్‌డీ అనలాగ్‌లో రకాలే), పాత అనలాగ్, ఐపీ అన్నీ దానికి నడుస్తాయి. పాత కెమెరాలన్నీ దానికే తగిలించి, డబ్బులు చేతికొచ్చినప్పుడల్లా ఒక్కో కెమెరా మార్చుకోవచ్చు. నేను తొందరపడి ముందు కెమెరాలు కొన్నాను. కోఠి గుజరాతీ గల్లీ నుంచి నాలుగు తెచ్చి పాత డీవీఆర్‌కు పెడితే తెర నల్లగా ఉండిపోయింది. కెమెరాలు పాడయ్యాయనుకుని వాపసు ఇవ్వడానికి మళ్లీ పట్నం బయల్దేరబోయాను. కెమెరా తోకకు చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది, దాంతో టీవీఐ నుంచి పాత అనలాగ్‌కు మార్చొచ్చని మా మేనల్లుడు చూపించాడు. బొమ్మ వచ్చింది కానీ పాత మసకే వచ్చింది. కొత్త డీవీఆర్ లేకుండా కొత్త కెమెరాతో లాభం లేదని అప్పుడు అర్థమైంది.

అసలు చిక్కు వైరులో ఉండదు, వైరు కొసల్లో, అతుకుల్లో ఉంటుంది. మా గోదాములో వైరు కొసన ఉండే పాత బీఎన్‌సీ పిన్ను విప్పి చూస్తే లోపలి రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. రెండంగుళాలు కోసేసి, మెరిసే రాగి కనబడ్డాక కొత్త పిన్ను క్రింప్ చేయించాం, అంటే పనిముట్టుతో నొక్కి బిగించడం. స్క్రూ బిగించే రకం పిన్నులు పెట్టనివ్వకండి, ఏడాదికల్లా వదులవుతాయి. ఒక కెమెరా మాత్రం పిన్ను మార్చినా బ్లాక్ అండ్ వైట్‌లోనే వచ్చింది. వైరు వెంబడే నిచ్చెన జరుపుకుంటూ పోతే రేకుల కింద ఎప్పుడో ఎలుక కొరికితే ఎవరో మెలితిప్పి టేపు చుట్టిన అతుకు దొరికింది. పాత సిగ్నల్ అలాంటి అతుకును భరించింది. హెచ్‌డీ సిగ్నల్ భరించదు, ముందు రంగు పోతుంది. అక్కడ బీఎన్‌సీ జాయింటర్ పెట్టగానే రంగు వచ్చేసింది.

రెండో చిక్కు కరెంటు. ఇది నన్ను వారం రోజులు పరేషాన్ చేసింది. వెనక గేటు కెమెరా పొద్దంతా బాగుండేది. చీకటి పడి ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి కెమెరాలోనే ఉండేవి) వెలగగానే ఆరిపోయేది, మళ్లీ వచ్చేది, మళ్లీ ఆరేది. మీటరు పెట్టి చూశాం. కెమెరాలకు కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా దగ్గర 12 వోల్టులు ఉంటే, నలభై మీటర్ల అవతల కెమెరా దగ్గర పగలు 11కు కాస్త తక్కువ, రాత్రి 9.4. ఐఆర్ వెలిగితే కరెంటు ఎక్కువ లాగుతుంది, సన్నని వైరులో ఆ మేరకు వోల్టేజీ పడిపోతుంది. మూడు వైర్లలో ఆడియో కోసం ఖాళీగా ఉన్నదాన్ని నెగటివ్‌కు జతచేస్తే కొంత నయమైంది. చివరికి వాచ్‌మన్ గదిలోని స్విచ్ బోర్డు నుంచి 12 వోల్టుల అడాప్టర్ విడిగా ఇచ్చాక గాని కుదురుకోలేదు. ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న స్క్రూ తిప్పి వోల్టేజీ పెంచే పద్ధతి కూడా ఉంది గానీ, దగ్గరున్న కెమెరాలకు ఎక్కువ వోల్టేజీ పోతుంది. నాకు నచ్చలేదు.

బొమ్మలో అడ్డగీతలు పైకి పాకుతుంటే కెమెరా ఇనుప స్తంభానికి తగులుతోందేమో చూడండి. మాకు మధ్యలో ప్లాస్టిక్ బాక్స్ పెడితే పోయాయి.

డిస్క్ లెక్క కూడా చూసుకోండి. ఒక్కో కెమెరాకు రికార్డింగ్ వేగం 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) చొప్పున పెడితే రోజుకు 21.6 జీబీ, ఎనిమిదింటికి 173 దాకా. ఒక టీబీ ఆరు రోజులు కూడా రాదు. రెండు టీబీలు తీసుకోండి, అదీ సీసీటీవీ కోసం చేసిన డిస్కే. కంప్యూటర్ డిస్క్ రాత్రింబవళ్లు రాయడానికి చేసింది కాదు.

మీ టెక్నీషియన్ మాట పూర్తిగా తప్పని కూడా అనను. రోడ్డు మీది బండి నంబరు చదవాలంటే ఆ ఒక్కచోట మంచి ఐపీ కెమెరా, దానికి కొత్త వైరు అవసరమే. ఎక్స్‌వీఆర్‌కు అదీ కలుస్తుంది. మా ముందు గేటుకు అలాగే చేశాం, మిగతా ఏడు పాత వైరు మీదే నడుస్తున్నాయి.

గల్లాపెట్టె దగ్గర మాత్రం మెగాపిక్సెల్స్ కన్నా కెమెరా ఎత్తు చూడండి. సీలింగ్‌కు ఉంటే ఎంత మంచి కెమెరా అయినా నడినెత్తే చూపిస్తుంది. మొహం ఎత్తుకు కాస్త పైన, కౌంటరు వెనక గోడకు దించండి.

అన్నీ ఒకేసారి కొనకుండా, డీవీఆర్‌తో పాటు ఒకే కెమెరా తెచ్చి ఎనిమిది కొసలకూ మార్చి మార్చి తగిలించి రాత్రి పూట చూడండి. ఏ వైరు పనికొస్తుందో ఏది రాదో రెండు రాత్రుల్లో తేలిపోతుంది. వైరు తొడుగు మీద ఆర్‌జీ 59 (కోయాక్సియల్ వైరులో ఒక రకం) అని ఉందా, ఇంకేమైనా ఉందా, అన్నిటికన్నా దూరం కెమెరా ఎన్ని మీటర్లు అన్నది ఇక్కడ రాస్తే, దానికి అడాప్టర్ విడిగా కావాలో వద్దో చెబుతాను.