ఫంక్‌ని జేమ్స్ బ్రౌన్ ఒక్కడే పుట్టించాడా?

అమెరికా నల్లవాళ్ల డాన్స్ సంగీతం ఫంక్ ఎక్కడ పుట్టింది, గాయకుడు జేమ్స్ బ్రౌన్ ఒక్కడే కనిపెట్టాడా, డిస్కోకీ దానికీ తేడా ఏమిటి అని అడిగారు. నేను పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ చర్చిలోనూ డ్రమ్స్ వాయించేవాణ్ణి కాబట్టి నా జవాబు ఆ వైపు నుంచే ఉంటుంది. పాడేవాళ్లని అడిగితే ఇంకోలా చెప్తారేమో.

నా లెక్కలో ఫంక్ అంటే బ్యాండ్‌లో ఉన్న ప్రతి వాయిద్యమూ డ్రమ్ము పని చేయడం. గిటార్ ట్యూన్ జోలికి పోకుండా తీగలు సగం నొక్కిపట్టి చిక్‌చిక్‌మని గీకుతుంది. ట్రంపెట్లూ శాక్సఫోన్లూ సాగదీయకుండా ఒక ముక్క కొట్టి ఆగిపోతాయి. పాడేవాడి అరుపులు, మూలుగులు కూడా దరువులో భాగమే. 1967లో వచ్చిన బ్రౌన్ పాట 'కోల్డ్ స్వెట్' వినండి, చరణమంతా ఒకే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద నడుస్తుంది. సినిమా పాటలకు అలవాటుపడ్డ చెవికి మొదట్లో "ఇందులో ట్యూన్ ఏది?" అనే అనిపిస్తుంది. ట్యూన్ సంగతి వదిలేసి, కాలు దానంతటది ఆడుతోందా లేదా చూసుకోండి.

బ్రౌన్ చేసిన పెద్ద మార్పు ఒకటో దెబ్బ దగ్గర ఉంది. అంతకుముందు నల్లవాళ్ల పాటల్లో, అంటే రిథమ్ అండ్ బ్లూస్‌లో, నాలుగు దెబ్బల్లో బరువు రెండు, నాలుగు మీద పడేది. స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద పడే ఆ దెబ్బల్ని ఆయన తీసేయలేదు గానీ, బ్యాండ్ మొత్తాన్నీ ఒకటి మీదికి తెచ్చి దించాడు. దాన్నే 'ద వన్' అంటారు. మధ్యలో ఎవరెంత తిరిగినా సమం దగ్గర అందరూ కలవాల్సిందే, మృదంగం నేర్చుకున్నవాళ్లకి ఇది వెంటనే పట్టుబడుతుంది. తప్పు వాయించినవాడికి ఆయన జరిమానా కూడా వేసేవాడు!

అలాగని ఒక్కడే చేశాడంటే నేను ఒప్పుకోను. 'కోల్డ్ స్వెట్' కట్టడంలో శాక్సఫోన్ వాయించే పీ వీ ఎల్లిస్‌కి సమాన వాటా ఉంది. డ్రమ్స్ మీద క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్, జాబో స్టార్క్స్ ఉన్నారు. 1969లో రికార్డు చేసిన 'ఫంకీ డ్రమ్మర్'లో క్లైడ్ వాయించిన దరువు నేను చాలాకాలం సాధన చేశాను. కుడిచెయ్యి హై-హ్యాట్ అనే జంట తాళాల మీద ఆగకుండా పరిగెడుతుంటుంది. ఎడమచెయ్యి గట్టి దెబ్బల మధ్య స్నేర్‌ని పుల్ల కొసతో అలా తాకి వదలాలి, వాటినే ఘోస్ట్ నోట్స్ అంటారు. వేగంగా కొట్టడం ఎవరికైనా వస్తుంది, అంత మెల్లగా కొట్టడమే చంపేస్తుంది. పైగా ఆ పాటలో బ్రౌన్ అతనికి చెప్పేది సోలో వద్దు, వాయిస్తున్నదే వాయించు అని. ఫంక్ డ్రమ్మర్ ఉద్యోగమంటే అదే.

ఫంక్ వేళ్లు ఇంకా వెనక్కి, అమెరికా దక్షిణాన ఉన్న న్యూ ఆర్లియన్స్ ఊరి దాకా పోతాయి. అక్కడ బ్రాస్ బ్యాండ్ ఊరేగింపుల వెనక జనం ఆడుతూ నడిచే 'సెకండ్ లైన్' లయ ఉంది. ఆ ఊరి బ్యాండ్ 'ద మీటర్స్'లో జిగబూ మోడెలిస్ట్ డ్రమ్స్ వింటే ఆ నడక తెలిసిపోతుంది. కాలిఫోర్నియాలో ఇంకో కథ. లారీ గ్రాహం కుర్రాడిగా ఉన్నప్పుడు వాళ్లమ్మతో కలిసి క్లబ్బుల్లో వాయించేవాడు. డ్రమ్మర్ లేడు. బొటనవేలితో బాస్ గిటార్ తీగని కొట్టి కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) లోటు, ఇంకో వేలితో లాగి వదిలి స్నేర్ లోటు తీర్చాడు. బాస్ గిటార్ మీద 'స్లాప్' అనే ఈ వాయింపు అలా పుట్టింది. తర్వాత అతను గాయకుడు స్లై స్టోన్ నడిపిన ఫంక్ బ్యాండ్‌లో చేరాడు.

1970లో డబ్బు గొడవతో బ్రౌన్ బ్యాండ్‌లో చాలామంది వెళ్లిపోతే, సిన్సినాటి నుంచి కుర్రాళ్లని దించాడు. వాళ్లలో బాస్ వాయించే బూట్సీ కాలిన్స్ ఒకడు. కొన్నాళ్లకి బూట్సీ ఇంకో ఫంక్ బ్యాండ్ నడిపే జార్జ్ క్లింటన్ దగ్గరికి చేరాడు, అక్కడ స్టేజీ మీదికి ఏకంగా అంతరిక్ష నౌకే దిగేది. సరదాగా ఉంటుంది గానీ నాకు బ్రౌన్ బ్యాండ్ బిగువే ఇష్టం.

ఫంక్ బయటికి పాకడం రెండు దారుల్లో జరిగింది. నైజీరియాలో గాయకుడు ఫెలా కుటి, డ్రమ్మర్ టోనీ అలెన్ ఫంక్‌ని జాజ్‌తో, అక్కడి యొరుబా లయలతో కలిపి ఆఫ్రోబీట్ చేశారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1973 నుంచి డీజే కూల్ హర్క్ పార్టీల్లో పాటలోని ఒట్టి డ్రమ్స్ ముక్కనే మళ్లీ మళ్లీ వేసేవాడు, హిప్‌హాప్‌కి అదే మొదలు. క్లైడ్ దరువు ఆ తర్వాత లెక్కలేనన్ని ర్యాప్ పాటల్లోకి వెళ్లింది. పాట హక్కుల్లో ఆయన పేరు లేదు కాబట్టి రాయల్టీ మాత్రం రాలేదు. నాకు ఇప్పటికీ మండుతుంది.

ఇక డిస్కో. అందులో కిక్ డ్రమ్ నాలుగు దెబ్బలకీ సమానంగా పడుతుంది, ఎవరైనా ఆడొచ్చు. మా పెళ్లి ఆర్కెస్ట్రాలో కూడా జనం లేవాలంటే అదే వాయిస్తాం. ఫంక్‌లో దెబ్బలకన్నా మధ్య ఖాళీలకే పని ఎక్కువ.

మొదట 'కోల్డ్ స్వెట్', తర్వాత మీటర్స్ 'సిస్సీ స్ట్రట్' వినండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో బాస్ గిటార్ వినపడదు, సగం పాట అక్కడే పోతుంది.