3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ తన పైథాన్ (స్క్రిప్టులు నడిపే ప్రోగ్రామింగ్ భాష) తానే ఎందుకు తెచ్చుకుంటుంది? సిస్టమ్‌లో ఉన్నది సరిపోదా?

సరిపోదు, ఎందుకంటే మీ సిస్టమ్‌లో ఏ వెర్షన్ ఉందో, రేపు అప్‌డేట్ అయ్యాక ఏది ఉంటుందో బ్లెండర్ చేతిలో లేదు.

మామూలు స్క్రిప్టయితే చిన్నచిన్న తేడాలకు తట్టుకుంటుంది గానీ, నమ్‌పై (లెక్కల లైబ్రరీ) లాంటి కంపైల్ చేసిన మాడ్యూళ్ల దగ్గర ఆ సర్దుబాటు కుదరదు, పైథాన్ 3.11 కోసం కట్టిన నమ్‌పై 3.12లో లోడే అవ్వదు. పైగా విండోస్‌లో పైథాన్ ముందుగా ఉండదు. మ్యాక్‌లో ఉండే పైథాన్ 2.7ని ఆపిల్ 2022లో, మ్యాక్‌ఓఎస్ 12.3 అప్‌డేట్‌తో తీసేసింది.

బెంగళూరులో ఓ చిన్న యానిమేషన్ స్టూడియో అనుకోండి. ఒక మెషీన్‌లో ఉబుంటు లినక్స్ 22.04, అంటే పైథాన్ 3.10, పక్కదాంట్లో 24.04, అంటే 3.12. రెండింట్లోనూ బ్లెండర్ సైట్ నుంచి దించిన 4.2 వేస్తే లోపల ఉండేది 3.11 మాత్రమే, కాబట్టి ఒకే యాడాన్ (బ్లెండర్‌కు అదనంగా తగిలించే స్క్రిప్ట్) రెండుచోట్లా నడుస్తుంది. (ఉబుంటు సొంత సాఫ్ట్‌వేర్ భండారం (రిపోజిటరీ) లోంచి ఏప్ట్ కమాండ్‌తో వేసుకున్న బ్లెండర్ వేరు, అది సిస్టమ్ పైథాన్‌నే వాడుతుంది.)

చాలామంది పొరబడేది ఇక్కడే: టెర్మినల్‌లో పిప్ (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) ఇన్‌స్టాల్ కొట్టేసి, బ్లెండర్‌లో 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' రాగానే టెన్షన్ పడతారు. ఆ ప్యాకేజీ వెళ్లింది సిస్టమ్ పైథాన్‌లోకి. బ్లెండర్ ఫోల్డర్లో 4.2, అందులో పైథాన్, అందులో బిన్, అక్కడున్న పైథాన్‌తోనే పిప్ నడపాలి. ఇక రెండో పైథాన్ వల్ల డిస్క్ వేస్ట్ అనే గొడవ పెద్దది కాదు, అసలు ఇబ్బంది వేరే: లోపలి పైథాన్‌కు సెక్యూరిటీ ప్యాచ్ కావాలంటే సిస్టమ్ అప్‌డేట్ పనికిరాదు, బ్లెండర్‌నే అప్‌డేట్ చేసుకోవాలి.