పొగ రావడం లేదా? పంపు మార్చకండి

పెట్రోల్ ఇంజిన్ మోడల్ విమానాల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా మామయ్య ఇచ్చిన 55 సీసీ పెట్రోల్ విమానానికి స్మోక్ పంపు (పొగ కోసం మఫ్లర్‌లోకి నూనె తోసే పంపు) బిగించాను. స్విచ్ వేయగానే రెండు సెకన్లు పొగ బాగా వస్తుంది, తర్వాత సన్నని చారలా మిగులుతుంది. కిందికి దించి చూస్తే పొట్ట, తోక అంతా నూనె. షాపాయన ఇంకా పెద్ద పంపు వేసుకోమంటున్నారు. వేయమంటారా? (నరసరావుపేట)

జవాబు: వద్దు తమ్ముడూ, ఆ డబ్బులు ఉంచుకోండి. మీరు రాసిన లక్షణాల్లోనే జబ్బు తెలిసిపోతోంది. మఫ్లర్‌లో పడిన నూనె అక్కడి వేడికి ఆవిరవుతుంది. బయటికొచ్చి గాలి తగలగానే ఆ ఆవిరి మళ్లీ కంటికి ఆనని సన్నటి తుంపరగా మారుతుంది. ఆకాశంలో తెల్లగా కనిపించేది ఆ తుంపరే. మీ మఫ్లర్ మొదటి రెండు సెకన్లు వేడిగా ఉంది, పొగ వచ్చింది. ఈలోగా పంపు నూనె కుమ్మరించేసరికి లోహం చల్లారిపోయింది. ఆవిరి కాని నూనె పొట్ట మీద పడుతోంది. పెద్ద పంపు వేస్తే మఫ్లర్ ఇంకా త్వరగా చల్లారుతుంది. పొగ సరిగ్గా లేదనగానే పంపు అమ్మేసే అలవాటు మన షాపులకు పోవాలి. కుర్రాళ్ల పాకెట్ మనీ అంతా అలాగే పోతోంది.

ముందు మఫ్లర్ దగ్గర గొట్టం ఊడదీసి, దాని చివర కొలపాత్రలో పెట్టి ఒక నిమిషం పంపు నడపండి. 55 సీసీకి నిమిషానికి 100 మిల్లీలీటర్ల దగ్గర మొదలుపెట్టి, పొగ చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచండి. మీది ఇప్పుడు అంతకు రెట్టింపు పోస్తోందేమో చూడండి.

తర్వాత మఫ్లర్ సంగతి. నూనె లోపలికి వెళ్లే నిప్పిల్ ఎక్కడుంది? చాలామంది డ్రిల్ పట్టడానికి వీలుగా ఉందని పొగ బయటికి పోయే గొట్టం పక్కనే బెజ్జం వేస్తారు. అక్కడ నూనెకు ఆవిరయ్యే వ్యవధే ఉండదు. ఇంజిన్‌కు బిగించే ఫ్లాంజ్ వైపు, అన్నిటికన్నా వేడిగా ఉండే చోట వేయాలి. దానికి తోడు మఫ్లర్ లోపల ఒక రాగి చుట్ట పెడితే నూనె ముందే వేడెక్కి లోపలికి పడుతుంది. బాలానగర్‌లో మా వర్క్‌షాప్‌లో నేను చేసే పద్ధతి చెప్తాను. ఫ్రిజ్ మెకానిక్కుల దగ్గర దొరికే 1/8 అంగుళం రాగి గొట్టం ఒక అడుగు తీసుకుని గ్యాస్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లారనిస్తాను. గట్టిగా ఉన్న గొట్టం అప్పుడు చేతికి మెత్తగా లొంగుతుంది. వేలి లావు బోల్టు చుట్టూ నాలుగు చుట్లు తిప్పితే ఎక్కడా నొక్కుకుపోదు. దాన్ని మఫ్లర్‌కు అతికేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఎలక్ట్రానిక్స్‌లో వాడే తగరం-సీసం సోల్డర్ 190 డిగ్రీల లోపే కరిగిపోతుంది, మొదటి ఫ్లైట్‌లోనే జాయింటు ఊడుతుంది. స్టీలు మఫ్లరైతే వెండి కడ్డీతో బ్రేజింగ్ చేయించండి. అల్యూమినియందైతే అతకబోవద్దు, మర వేసి ఇత్తడి ఫిట్టింగ్ బిగించండి.

ఇవన్నీ చేసేముందు ఫ్లాంజ్ గాస్కెట్ అంచున నల్లటి జిడ్డు చార ఉందేమో చూడండి. ఉంటే అక్కడ లీకుంది, వేడి అందులోంచే పోతోంది. మఫ్లర్ బోల్టులకు నీలం రంగు థ్రెడ్ లాకర్ పూసి ధీమాగా ఉంటారు చాలామంది. ఆ వేడికి అది మెత్తబడి పట్టు వదిలేస్తుంది. జంటగా వచ్చే వెడ్జ్ లాక్ వాషర్లు వేయండి, లేదా బోల్టు తలకు బెజ్జం వేసి సేఫ్టీ వైరు కట్టండి. మొదటిసారి ఇంజిన్ బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి అలెన్ కీతో బిగించి చూడాలి. ఈ పని ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా మానకూడదు.

పొగ నూనె టాంకును సరిగ్గా సీజీ (విమానం బరువు సమంగా తూగే చోటు) మీద, రెక్కలను కలిపే గొట్టం దగ్గర పెట్టండి. అర లీటరు నూనె 400 గ్రాముల పైనే తూగుతుంది. అది ముక్కు వైపు ఉంటే అయిపోతున్నకొద్దీ విమానం బ్యాలెన్స్ మారిపోతుంది. పెట్రోల్‌కు సిలికాన్ గొట్టం వాడొద్దు, ఉబ్బిపోతుంది. టైగాన్ అనే ప్లాస్టిక్ గొట్టం వాడండి. మఫ్లర్‌కు దగ్గరగా వచ్చే ముక్క రాగిది గానీ టెఫ్లాన్‌ది గానీ ఉండాలి. మధ్యలో వన్‌వే వాల్వ్ తప్పనిసరి. అది లేకపోతే పంపు ఆపినా నూనె జారి మఫ్లర్‌లో నిండుతుంది. విమానాన్ని నిలబెట్టి దాచినప్పుడు అక్కణ్నుంచి సిలిండర్‌లోకి కూడా పోవచ్చు. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పబోతే బిగుసుకున్నట్టు ఉంటే బలవంతంగా తిప్పకండి, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇగ్నిషన్ ఆపి, స్పార్క్ ప్లగ్ తీసి, నూనె బయటికి పోయేదాకా మెల్లగా తిప్పండి.

ట్రాన్స్‌మిటర్‌లో మిక్సింగ్ పెట్టి, త్రాటిల్ సగం దాటితేనే పంపు తిరిగేలా చేయండి. ఫెయిల్‌సేఫ్‌లో, అంటే రేడియో సిగ్నల్ తెగిపోయినప్పుడు, పంపు ఆగిపోవాలి. పంపుకు విడి బ్యాటరీ పెట్టండి, రిసీవర్ కరెంటుతో పంచుకోనివ్వద్దు.

ప్రశ్న: స్మోక్ ఆయిల్ ఖరీదెక్కువ. డీజిల్ గానీ కిరోసిన్ గానీ పోయొచ్చా? (కరీంనగర్)

జవాబు: పొగ వస్తుంది, కాదనను. నేనైతే పోయను, మా క్లబ్బులో పోయనివ్వను కూడా. మన దేశంలో అమ్మే డీజిల్, కిరోసిన్ 35 డిగ్రీల పైన ఎప్పుడైనా అంటుకోగల ఆవిరి విడుదల చేయొచ్చు. మే నెలలో రెంటచింతల ఎండే ఆ వేడి దాటిపోతుంది. పక్కనే పెట్రోల్ టాంకు, చుట్టూ బల్సా చెక్క. గొట్టం ఒక్కటి ఊడితే చాలు. కెమికల్ షాపుల్లో లైట్ లిక్విడ్ పారఫిన్ క్యాన్లలో దొరుకుతుంది. చిక్కటి తెల్లని పొగ ఇస్తుంది, అంత తేలిగ్గా అంటుకోదు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ అసలే వద్దు, మసి పట్టి మఫ్లర్ పూడుకుపోతుంది. ఏ నూనె వాడినా మైదానంలో చేతికందే దూరంలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి.

ప్రశ్న: బీదర్ మాకు దగ్గరే. వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ విమానాలు రంగుల పొగ వదులుతుంటే చూసి మా అబ్బాయి తన విమానానికీ కావాలంటున్నాడు. నూనెలో రంగు కలిపితే సరిపోతుందా? (జహీరాబాద్)

జవాబు: అబ్బాయి కోరిక నాకర్థమైంది గానీ, మఫ్లర్‌తో అది కుదరదండీ. జెట్ విమానాల్లో వెనక నుంచి దూసుకొచ్చే వేడి గాలిలోకి నూనె చిమ్ముతారు. బ్రిటన్ వాయుసేన విన్యాసాల జట్టు రెడ్ యారోస్ వాళ్లు డీజిల్ లాంటి నూనె చిమ్మి తెల్ల పొగ, అందులో రంగు కలిపి ఎరుపు, నీలం తెస్తారు. రంగు వేడిలో ఉండేది రెప్పపాటే. మన మఫ్లర్‌లో నూనె కాలిన లోహానికి అంటుకుని ఆవిరవుతుంది. నూనె వెళ్లిపోతుంది, రంగు మాత్రం లోపలే మాడి పెచ్చు కడుతుంది. బయటికొచ్చే పొగ దాదాపు తెల్లగానే ఉంటుంది, రెక్కలకు మరకలు మిగులుతాయి. కాల్చే రంగు పొగ గొట్టాలను విమానానికి కట్టే ఆలోచన ఎవరైనా చెబితే వినొద్దు. పెట్రోల్ మోసే చెక్క విమానం మీద నిప్పు పెట్టడమే అది. తెల్ల పొగనే బాగా కనిపించేలా చేయొచ్చు. పొద్దున్నే గాలి లేనప్పుడు, ఎండ మీ వీపు వైపు ఉండేలా నిలబడి ఎగరేయించండి. లూప్ గీసిన గుండ్రం చెదరకుండా కాసేపు నిలిచి ఉంటుంది. మీ అబ్బాయికి ఆ సంతోషం చాలు.

ప్రశ్న: ఇక్కడ మా ఫ్లయింగ్ ఫీల్డ్ చుట్టూ ఇళ్లొచ్చేశాయి, శబ్దం మీద ఫిర్యాదులు. పిట్స్ మఫ్లర్ (ఇంజిన్‌కు హత్తుకుని ఉండే పొట్టి మఫ్లర్) తీసి కానిస్టర్ (విమానం పొట్టలో పెట్టే పొడవాటి సైలెన్సర్) వేస్తే సరిపోతుందా? 23 అంగుళాల ప్రొపెల్లర్, 7,000 ఆర్‌పీఎం. (ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: మీ ప్రొపెల్లర్ కొస సెకనుకు సుమారు 214 మీటర్ల వేగంతో తిరుగుతోంది, అంటే గంటకు 770 కిలోమీటర్లు. ఆ చిరుగుడు శబ్దాన్ని ఏ కానిస్టరూ తగ్గించలేదు. ముందు 24 అంగుళాలది వేసి 6,000 దగ్గరికి దింపి చూడండి, కొస వేగం 190కి వస్తుంది. నేలకు కొస తగలకుండా జాగా ఉందో లేదో చూసుకోండి. అప్పటికీ చాలకపోతే కానిస్టర్ పెట్టండి. దాని చుట్టూ వేలెడు ఖాళీ వదలండి, గాలి లోపలికొచ్చే దారి కంటే బయటికి పోయే దారి రెండు మూడింతలు పెద్దగా ఉండాలి. లేకపోతే పొట్ట కవరింగ్ ముడతలు పడుతుంది. హెడర్‌కూ (ఇంజిన్ నుంచి పొగ తెచ్చే లోహపు గొట్టం) కానిస్టర్‌కూ మధ్య టెఫ్లాన్ కప్లర్ వాడండి. వెనక చివర మాత్రం బోల్టుతో బిగించేయకుండా సిలికాన్ రింగులో కూర్చోబెట్టండి. వేడికి సాగే లోహానికి కదిలే చోటు లేకపోతే హెడర్ వెల్డింగు దగ్గర చీలుతుంది. క్లబ్బులో సౌండ్ మీటర్ ఉంటే ప్రొపెల్లర్ మార్చక ముందు, మార్చాక అదే చోట నిలబడి కొలిపించండి. ఆ రెండు అంకెలూ కాగితం మీద పెట్టుకుని ఇరుగుపొరుగు వాళ్లతో మాట్లాడటం మేలు.